పావురాల గూటి మీద సర్కారు నిషేధం

1849 మే నెల చివరి రోజులు. జర్మనీ నడిబొడ్డున తురింగియా అడవుల అంచులో లీబెన్‌స్టైన్ అనే చిన్న ఊరు. అక్కడి ఊటనీళ్లలో స్నానం చేస్తే ఒంట్లో బాధలు పోతాయని నమ్మకం. వేసవి వస్తోందనగానే కలిగినవాళ్లు బళ్లు కట్టించుకుని వచ్చి, ఇళ్లు అద్దెకు తీసుకుని వారాల తరబడి మకాం వేసేవారు. ఆ ఏడు అలా వచ్చినవాళ్లలో బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో ఒకావిడ. పెద్దింటి మనిషి. వయసు నలభైకి ఒకటి తక్కువ.

ఊళ్లో విశేషాలేమిటని ఇంటావిడను అడిగింది. ఇంటావిడ చెప్పిన విశేషం ఒక్కటే. కొన్ని వారాల కిందట ఎవరో పెద్దాయన వచ్చి ఊటల దగ్గరున్న పొలం ఇంట్లో దిగాడట. ఊరి పిల్లలను పోగేసి వాళ్లతో పాటు గెంతుతాడట, పాడతాడట, ఆడతాడట. అందుకే ఊరంతా ఆయన్ని ముసలి పిచ్చాడని పిలుస్తోందట.

కొద్ది రోజులకే ఆ పిచ్చాడు బెర్తాకు దారిలో ఎదురయ్యాడు. పొడుగ్గా, బక్కపలచగా ఉన్నాడు. నెరిసిన జుట్టు పొడుగ్గా వేలాడుతోంది. ఆయన వెంట పిల్లల దండు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉంటారు. చాలామంది కాళ్లకు జోళ్లు లేవు, ఒంటి మీద బట్టలు కూడా అంతంతమాత్రం. జంటలు జంటలుగా గుట్ట ఎక్కుతున్నారు. పైకి చేరగానే ఆయన వాళ్లను ఆటకు నిలబెట్టాడు, తనూ గొంతు కలిపి పాట అందుకున్నాడు. ఎవరికి ఎంతసేపు పట్టినా విసుక్కోలేదు.

చూస్తుండగానే బెర్తా కళ్లు చెమర్చాయి. బతికి ఉండగా జనం చేత రాళ్లు వేయించుకుని, పోయాక అదే జనం చేత విగ్రహాలు పెట్టించుకునే మనుషులు కొందరుంటారు, ఈయన ఆ కోవలోని వాడేమో అని పక్కనున్న ఆవిడతో అన్నానని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఆట అయ్యాక దగ్గరకు వెళ్లి పలకరించింది. ఆయన పేరు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. వయసు 67. బడి ఈడు రాని పిల్లల కోసం కిండర్‌గార్టెన్ అనే ఏర్పాటును మొదలుపెట్టిన మనిషి.

ఇంకో రెండేళ్లు దాటీ దాటకుండానే ఆ గుట్ట మీది ఆటలు దేశానికి చేటని ఒక ప్రభుత్వం తీర్మానించింది. ఉత్తర్వు వేసి మరీ నిషేధించింది. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే పసిపిల్లల ఆటలో ప్రభుత్వానికి అంత భయం పుట్టించినది ఏమిటన్నదే ఈ కథ.

ఆడుకోవడం రాని పిల్లాడు

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న ఓబర్‌వైస్‌బాక్ అనే కొండపల్లెలో పాస్టరు గారింట పుట్టాడు. తొమ్మిది నెలల పసివాడుగా ఉన్నప్పుడే తల్లి కన్నుమూసింది. చర్చి పనులతో తండ్రికి ఊపిరి సలిపేది కాదు. మారుతల్లి మొదట్లో చేరదీసినా, తన కడుపున బిడ్డ పుట్టాక దూరం పెట్టేసింది. ఇంటి చుట్టూ తోట, తోట చుట్టూ కంచె. కంచె అవతల ఊరి పిల్లలు. ఇవతల వీడొక్కడు.

పదేళ్లు వచ్చాక మేనమామ జాలిపడి తన ఊరు తీసుకెళ్లాడు. అక్కడి బడిలో తన ఈడు పిల్లలు నలభైమంది దాకా. జీవితంలో మొదటిసారి తోటివాళ్లతో ఆటలో దిగాడు. దిగాడే గానీ వాళ్లతో సరితూగలేకపోయాడు. ఒంట్లో ఆ సత్తువా లేదు, ఆ నేర్పూ లేదు. ఈ మాట పెద్దయ్యాక తన కథలో తనే రాసుకున్నాడు. ఆడుకోవాల్సిన వయసులో ఆట దొరక్కపోతే ఏమవుతుందో ఆయనకు పుస్తకాలు చెప్పలేదు, ఒళ్లే చెప్పింది.

ఆ తర్వాతి జీవితం నిలకడ లేనిది. అటవీ పని నేర్చుకున్నాడు. యేనా విశ్వవిద్యాలయంలో చేరి, అప్పు తీర్చలేక అక్కడి చెరసాలలో కొన్ని వారాలు గడిపాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పంతులయ్యాడు. స్విట్జర్లాండ్ వెళ్లి విద్యావేత్త పెస్టలోజీ బడిలో రెండేళ్లు ఉన్నాడు. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి సైన్యంలో చేరాడు. బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాలను సర్దిపెట్టాడు. 1817 నుంచి కైల్‌హౌ పల్లెలో బడి నడిపాడు. ఆ బడిలోనే ఆయనకొక సంగతి తట్టింది. పిల్లలు బడి గుమ్మం తొక్కేసరికే చాలా ఆలస్యమైపోతోంది. అసలు పునాది అంతకు ముందు, ఇంట్లో, అమ్మ ఒడిలో, ఆటలో పడుతోంది.

55 ఏళ్ల వయసులో, అందరూ పని విరమించే వేళ, ఆయన కొత్త పని ఎత్తుకున్నాడు. 1837లో బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల ఆటలకూ, ఆట వస్తువులకూ ఒక కేంద్రం తెరిచాడు. పసివాడి చేతికిచ్చే మొదటి వస్తువుగా ఆయన ఎంచుకున్నది బంతి. గట్టి బంతి కాదు, పిడికిట్లో ఇమిడే మెత్తటి ఉన్ని బంతి. అలాంటివి ఆరు, ఒక్కోటి ఒక్కో రంగు. పట్టుకుని ఊపడానికి దారం. ఊపితే వెళ్తుంది, వస్తుంది. దాస్తే కనపడదు, తీస్తే మళ్లీ ఉంటుంది. ఇంకా మాటలు రాని బిడ్డకు లోకం గురించి ఇంతకంటే పెద్ద వార్త ఏముంటుంది! 1840లో ఈ ఏర్పాటుకు కిండర్‌గార్టెన్ అన్న పేరు ఖాయమైంది.

1844లో తల్లుల కోసం బొమ్మలతో, పాటలతో ఒక పుస్తకం తెచ్చాడు. చప్పట్లతో రొట్టె తట్టే ఆట, గాలికోడిలా చెయ్యి తిప్పే ఆట, ముఖం దాచి ఠక్కున కనిపించే ఆట, అన్నీ అందులో ఉన్నాయి. ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. తల్లులు ఇళ్లలో ఆడించే వాటినే గమనించి, ఏరి, దిద్ది, ఏ ఆట ఎందుకో ప్రతిదానికీ వివరం రాశాడు. చెమ్మచెక్క, కాళ్లాగజ్జ, దాగుడుమూతలు ఆడించిన మన అమ్మమ్మలు ఆ పుస్తకం తిరగేస్తే, ఇందులో కొత్తేముందిరా అబ్బాయ్ అని ఉండేవారు. కొత్తదేమిటంటే, వాటిని ఒక మగవాడు, అదీ పేరున్న పంతులు, కూర్చుని రాయదగ్గ విషయాలుగా చూడటం.

గూడు తెరిచే చేతులు

ఆ గుట్టల మీద ఆడిన ఆటల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు పావురాల గూడు.

పదిపన్నెండు మంది పిల్లలు చేతులు కలుపుకుని గుండ్రంగా నిలబడతారు. అదే గూడు. ముగ్గురు నలుగురు లోపల గొంతుక్కూర్చుంటారు. వాళ్లు పావురాలు. పాట మొదలవగానే వలయంలోని చేతులన్నీ పైకి లేస్తాయి. గూటి తలుపులు తెరుచుకున్నట్టు. పావురాలు చేతులు రెక్కలుగా ఆడిస్తూ ఆ సందుల్లోంచి బయటకు ఎగిరిపోతాయి. పచ్చికంతా చుట్టబెడతాయి. పాట మలుపు తిరగ్గానే ఇంటికి చేరతాయి. చివరిది వచ్చేదాకా తలుపు తెరిచే ఉంటుంది. అందరూ వచ్చాకే చేతులు దిగుతాయి. లోపల చేరిన పావురాలు కువకువలాడుతూ ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో చెప్పుకుంటాయి. తర్వాత పావురాలు గూడవుతాయి, గూడు పావురాలవుతుంది.

ఇంకోటి కుందేలు ఆట. దాని పాట రాసింది కూడా ఫ్రోబెలే. ఒక పాప మధ్యలో ముడుచుకుని కూర్చుని కళ్లు మూసుకుంటుంది. చుట్టూ తిరిగేవాళ్లు, అయ్యో కుందేలికి ఒంట్లో బాగాలేదేమో, గెంతలేకపోతోందేమో అని పాటలోనే పరామర్శిస్తారు. గెంతు అనగానే ఒక్క ఉదుటున లేచి గెంతుతుంది. ఇప్పటికీ జర్మనీలో ఈ పాట రాని చిన్నపిల్లలు అరుదు.

ఈ ఆటల్లో గెలుపు లేదు, ఓటమి లేదు, ‘నువ్వు అవుట్’ అనడం లేదు. రెండు మూడేళ్ల పిల్లలకు అదే ప్రాణం. ఆ వయసులో తన వంతు కోసం ఎక్కువసేపు ఆగడం రాదు. ఇక్కడ నాలుగు చరణాల్లో వంతు వచ్చేస్తుంది. నియమాలు చెబితే అర్థం కావు. ఇక్కడ నియమం పాటలోనే ఉంది, పాట నడిపించినట్టు నడిస్తే చాలు. సిగ్గరి పిల్ల మధ్యలోకి రానంటే బలవంతం లేదు. వలయంలో చెయ్యి పట్టుకుని నిలబడ్డా ఆటలో ఉన్నట్టే. తప్పటడుగుల బుడ్డోడు తూలినా అటొక చెయ్యి, ఇటొక చెయ్యి ఉన్నాయి.

మన పుట్టినరోజు పార్టీల్లో జరిగేది గుర్తు తెచ్చుకోండి. యాంకర్ మైకు పట్టుకుంటుంది. మూడేళ్ల వాళ్లకు మ్యూజికల్ చైర్స్ పెడుతుంది. పాట ఆగుతుంది. కుర్చీ దొరకని పిల్లను పక్కకు వెళ్లమంటారు. తనేం తప్పు చేసిందో ఆ పిల్లకు తెలియదు. ఏడుపు లంకించుకుంటుంది. ఆటంటే ఆడాలి కదా, మరి ఆడొద్దంటారేమిటి అన్నది ఆ ఏడుపుకు అర్థం. ఆట సాగే కొద్దీ ఆడేవాళ్లు తగ్గిపోవడం పెద్దపిల్లలకు సరదా, పసివాళ్లకు శిక్ష.

నవ్వుదామని వచ్చినవాడు

1849 వేసవిలోనే లీబెన్‌స్టైన్‌కు ఇంకో అతిథి వచ్చాడు. అడాల్ఫ్ డీస్టర్‌వెగ్. ప్రష్యా రాజ్యంలో ఉపాధ్యాయ శిక్షణ అంటే ముందు వినిపించే పేరు ఆయనది. ఉదార భావాల వల్ల రెండేళ్ల కిందటే బెర్లిన్ శిక్షణ కళాశాల పదవి పోగొట్టుకున్నాడు. అలాంటి మనిషికి కూడా ఫ్రోబెల్ అంటే చులకనే. ఆయన ఆటలు చూద్దాం రమ్మని బెర్తా పిలిస్తే, ఆ గెంతులాటలతో నాకేం పని అన్న ధోరణిలో తోసిపుచ్చాడు. ఆమె ఊరుకోలేదు, లాక్కెళ్లినంత పని చేసింది.

వెళ్లి కూర్చున్నాడు. ఫ్రోబెల్ తన దగ్గర శిక్షణ పొందే అమ్మాయిలకు పాఠం చెబుతున్నాడు. డీస్టర్‌వెగ్ ముఖంలో మొదట కనిపించిన ఎకసెక్కం కాసేపటికి మాయమైంది. ఆ తర్వాత పిలవకుండానే రోజూ రాసాగాడు. ఈ మనిషిలో ద్రష్ట లక్షణం ఏదో ఉందని బెర్తాతో ఒప్పుకున్నాడు. చివరిదాకా ఫ్రోబెల్ పక్షాన నిలిచిన పెద్దల్లో ఆయనొకడు.

మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. విని నవ్వినవాళ్లు చాలామంది. చూసి నవ్వినవాళ్లు తక్కువ. ఆ ప్రాంతాన్ని ఏలే మైనింగెన్ డ్యూక్ సుముఖంగా ఉండి, లీబెన్‌స్టైన్ పక్కనే ఉన్న మారియన్‌టాల్ అనే భవంతిని ఫ్రోబెల్‌కు ఇచ్చాడు. 1850లో మకాం అక్కడికి మారింది. దూరపు ఊళ్ల నుంచి పెళ్లికాని అమ్మాయిలు శిక్షణకు వచ్చారు. చదువుకున్న అమ్మాయికి గౌరవంగా చేసుకునే ఉద్యోగం దాదాపు లేని రోజుల్లో అది పెద్ద సంగతి. ఆడపిల్లలు ఇల్లు వదిలి వచ్చి పని నేర్చుకోవడం కొందరికి కంటగింపు కూడా.

ఆ ఏడాది ఆగస్టు 4న డ్యూక్ వేసవి విడిది అల్టెన్‌స్టైన్ తోటలో పిల్లల ఆటల పండుగ జరిగింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి దాదాపు మూడు వందలమంది పిల్లలు. పల్లె పిల్లలు, పట్నం పిల్లలు అన్న తేడా లేకుండా అందరూ ఒకే వలయంలో. పందేలు లేవు, బహుమతులు లేవు. ఒక వలయం పక్కన ఇంకో వలయం, ఒక పాట వెనక ఇంకో పాట. తల్లిదండ్రులు, ఊరి పెద్దలు చుట్టూ నిలబడి చూశారు. ఏడాది కిందట పిచ్చాడన్న మనిషి ఆ జనం మధ్య నిలబడి ఆడించాడు.

ఇంటిపేరు తెచ్చిన తంటా

ఆ రోజుల్లో జర్మనీ ఒక దేశం కాదు. పెద్దా చిన్నా రాజ్యాల సమూహం. 1848లో ఆ రాజ్యాలన్నింటా విప్లవం చెలరేగింది. రాజ్యాంగం కావాలని, ఏక దేశం కావాలని జనం వీధుల్లోకి వచ్చారు. ఏడాది తిరిగేసరికి సైన్యాలు దాన్ని అణిచేశాయి. గద్దెలు నిలబడ్డాయి గానీ గుండె దడ తగ్గలేదు. పంతుళ్లు, పత్రికలు, సంఘాలు, ఏది చూసినా ప్రభుత్వాలకు అనుమానమే.

ఫ్రోబెల్ అన్నగారి కొడుకులు ఇద్దరు ఈ కథలోకి వస్తారు. పెద్దవాడు యులియస్. ఆ విప్లవంలో ఏర్పడిన ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటులో సభ్యుడు. విప్లవకాలంలో వియన్నా వెళ్లి పట్టుబడ్డాడు. ఆయనతో పాటు వెళ్లిన తోటి సభ్యుడు రాబర్ట్ బ్లూమ్‌ను సైన్యం కాల్చి చంపింది. యులియస్‌కూ మరణశిక్షే పడింది గానీ క్షమాభిక్షతో బయటపడ్డాడు. రెండోవాడు కార్ల్. ఆడవాళ్లకు ఉన్నత విద్య కావాలని వాదించేవాడు. ఆడపిల్లల ఉన్నత విద్యాలయాల గురించి, కిండర్‌గార్టెన్ల గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. చిన్నాయనతో ఆయనకు అభిప్రాయభేదాలున్నాయి. కానీ అట్ట మీద కనిపించేవి రెండే. ఫ్రోబెల్, కిండర్‌గార్టెన్.

1851 ఆగస్టు 7. ప్రష్యా విద్యామంత్రి కార్ల్ ఒట్టో ఫాన్ రౌమర్ సంతకంతో ఉత్తర్వు వెలువడింది. కిండర్‌గార్టెన్లు ఫ్రోబెల్ సోషలిస్టు పథకంలో భాగమని, పిల్లలను నాస్తికులుగా పెంచడానికి ఉద్దేశించినవని, కాబట్టి వాటిని ఇక సాగనివ్వరాదని దాని సారాంశం. ఆధారంగా చూపింది కార్ల్ పుస్తకాన్ని. శిక్ష పడింది చిన్నాయనకు. పాస్టరు గారి కొడుకు, ప్రతి ఆటలోనూ దేవుడి సృష్టిని చూసే భక్తుడు, ఒక్క సంతకంతో నాస్తికుడైపోయాడు.

వార్త మారియన్‌టాల్‌కు పత్రికల ద్వారా చేరింది. మొదట ఆయన పెద్దగా కంగారు పడలేదు. పేర్లు తారుమారయ్యాయి, చెబితే సర్దుకుంటుందనుకున్నాడు. అప్పటికి రెండు నెలల కిందటే, 69వ ఏట, తన శిష్యురాలు లూయిజె లెవిన్‌ను పెళ్లాడాడు. మొదటి భార్య పోయి పన్నెండేళ్లయింది. ఇంట్లో కొత్త సందడి, బడిలో కొత్త అమ్మాయిలు. ఇలాంటి వేళ ఒక గుమాస్తా పొరపాటు ఎంతకాలం నిలుస్తుందిలే అన్న ధీమా.

తన పుస్తకాలు జతచేసి మంత్రికి వివరంగా రాశాడు. నేను వేరు, ఆ పుస్తకం రాసినవాడు వేరు అని విన్నవించాడు. జవాబు వచ్చింది. నిషేధం మాత్రం పోలేదు. రాజు నాలుగో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌కు మొరపెట్టుకున్నా లాభం లేకపోయింది. సెప్టెంబరులో లీబెన్‌స్టైన్‌లో ఉపాధ్యాయులు, విద్యాభిమానులు సభ పెట్టి ఆయనకు అండగా నిలిచారు. డీస్టర్‌వెగ్ అక్కడా ఉన్నాడు. బెర్తా తన పలుకుబడినంతా ఉపయోగించి బెర్లిన్‌లో తలుపులు తట్టింది. ఏ తలుపూ తెరుచుకోలేదు.

పొరపాటు అని తేలాక కూడా నిషేధం ఎందుకు నిలిచింది? పేరు సాకు మాత్రమే కాబట్టి. చెప్పింది వినడం, వల్లించడం, లోబడటం, ఇదే మంచి బాల్యమని నమ్మే ప్రభుత్వం అది. 1854లో అదే మంత్రి హయాంలో వచ్చిన బడి నిబంధనలు మతపాఠాలు వల్లించడానికీ, విధేయతకూ పెద్దపీట వేశాయి. పిల్లవాడు తనే కనుక్కోవాలి, తనే చేసి చూడాలి, తోటివాడికి తలుపు తెరిచి పట్టుకోవాలి అనే ఆట ఆ చట్రంలో ఇమడదు. పైగా కిండర్‌గార్టెన్లకు వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో స్వేచ్ఛావాదులు, స్త్రీ సంఘాలు చాలా ఉన్న మాట నిజం. మంత్రి మనుషులను పోల్చడంలో పొరబడ్డాడు గానీ, గాలి ఎటు వీస్తోందో ఆయనకు తెలుసు. తెలియనిదల్లా ఆ ఆట ఏమిటో. ఆ ఫైలులో పుస్తకం ఉంది, ఇంటిపేరు ఉంది. పావురాల గూడు లేదు.

డెబ్బయ్యో పుట్టినరోజు

మారియన్‌టాల్ ప్రష్యాలో లేదు, మైనింగెన్ డ్యూక్ ఇలాకాలో ఉంది. కాబట్టి అక్కడ ఆటలు ఆగలేదు. 1852 ఏప్రిల్ 21న ఫ్రోబెల్‌కు డెబ్బై ఏళ్లు నిండాయి.

పొద్దు పొడుస్తూనే శిష్యురాళ్లు పాటతో ఆయన్ని లేపారు. గదంతా పూలు, ఆకుల తోరణాలు. చుట్టుపక్కల కిండర్‌గార్టెన్ల పిల్లలు వచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి పుట్టినరోజుకు అతిథులు మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు. వాళ్లు తెచ్చిన కానుక ఆటే. ఆయన నేర్పిన ఆటలను ఆయన ముందే ఆడారు, ఆయన వాళ్ల మధ్యలో ఉన్నాడు. ప్రష్యాలో అదే వలయం కడితే నేరం. సరిహద్దుకు ఇవతల అది పుట్టినరోజు వేడుక.

ఆ సంబరంలో ఉన్నవాళ్లకు లోపలి దిగులు తెలియంది కాదు. నిషేధం ఆయన్ని లోలోపల తినేస్తోంది. సొంతగడ్డ మీద చోటు లేకపోతే అమెరికాలోనైనా ఈ మొక్క నాటదామని ఆలోచించాడు. ఆ పెంతెకొస్తు పండుగ రోజుల్లో గోథాలో జరిగిన ఉపాధ్యాయుల మహాసభకు వెళ్తే, ఆయన లోపలికి అడుగు పెట్టగానే సభ మొత్తం లేచి నిలబడింది. సంతోషించాడు. ఇంటికి వచ్చి మంచమెక్కాడు. 1852 జూన్ 21న పోయాడు. ఉత్తర్వు అలాగే ఉంది.

ష్వైనా శ్మశానంలో ఆయన సమాధి మీద శిలువకు బదులు ఒక ఘనం, దాని మీద స్థూపం, ఆ పైన గోళం నిలబెట్టారు. ఆయన పిల్లల చేతికిచ్చిన ఆట వస్తువులే అవి, రాతిలో.

జప్తు చేయడానికి ఏముంది?

పుస్తకాన్ని నిషేధిస్తే ప్రతులు తగలబెట్టొచ్చు. పత్రికను నిషేధిస్తే అచ్చు యంత్రం పట్టుకుపోవచ్చు. పావురాల గూటిలో పట్టుకుపోవడానికి ఏముంది? నాలుగు జతల చేతులు, ఒక పాట. అది వచ్చిన అమ్మాయి ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది.

అలాగే వెళ్లింది. విప్లవం ఓడిపోయాక దేశం వదిలిన కుటుంబాలు దాన్ని తమతో తీసుకెళ్లాయి. 1851లోనే యోహానెస్, బెర్తా రోంగె దంపతులు లండన్‌లో కిండర్‌గార్టెన్ తెరిచారు. ఆ బెర్తా చెల్లెలు మార్గరెటె షుర్జ్ హాంబర్గ్‌లో ఫ్రోబెల్ పాఠాలు విన్న మనిషి. విప్లవంలో పాల్గొన్న భర్తతో అమెరికా చేరి, 1856లో విస్కాన్సిన్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో తన కూతురితో, బంధువుల పిల్లలతో అదే ఆట మొదలుపెట్టింది. ఆ దేశంలో మొదటి కిండర్‌గార్టెన్ అదే. బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇంకా ఎన్నో దేశాలు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చింది. చదివి చెప్పడం కంటే ఆడించి చూపడమే మేలని ఆమెకు మొదటి రోజే తెలుసు.

రౌమర్ 1858లో పదవి నుంచి దిగాడు, మరుసటేడు చనిపోయాడు. 1860లో కొత్త మంత్రి బేత్‌మాన్ హోల్‌వెగ్ నిషేధం ఎత్తేశాడు. ఫ్రోబెల్ భార్య లూయిజె 1900 దాకా బతికి ఉంది. ముసలి పిచ్చాడి ఆట లోకమంతటా బడుల్లో చేరడం ఆమె కళ్లారా చూసింది.

ఉత్తర్వు అక్కర్లేని నిషేధం

మన దేశంలో 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పుడు అంగన్‌వాడీకి అప్పగించిన ఆరు పనుల్లో బడి ఈడు రాని పిల్లల చదువు ఒకటి. ఆ చదువు ఆటపాటల్లో సాగాలన్నదే ఉద్దేశం. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా, మంచి టీచరమ్మ ఉన్న అంగన్‌వాడీకి పొద్దున పూట వెళ్తే పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తారు. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఒకటే. రోజంతా ఆటలేనా, ఏబీసీడీలు ఎప్పుడు చెబుతారు? జవాబు నచ్చక మరుసటి నెలలో పిల్లను ప్రైవేటు బడి ఆటో ఎక్కిస్తారు. అక్కడ మూడేళ్ల వేళ్లకు పెన్సిల్, రాత్రికి హోంవర్కు. ప్రష్యా మంత్రి ఆటకు భయపడి ఆపాడు. మనం దాన్ని దండగ అనుకుని ఆపుతున్నాం. ఆపడం మాత్రం రెండు చోట్లా ఆట చూడకుండానే.

రౌమర్ బెర్లిన్ నుంచి బండి కట్టించుకుని ఒక్క పూట మారియన్‌టాల్ వెళ్లి ఉంటే ఉత్తర్వు మారేదో లేదో చెప్పలేం. డీస్టర్‌వెగ్ మాత్రం మారాడు. పిల్లను బడిలో వేసేముందు ఫీజు ఎంత, బస్సు వస్తుందా, సిలబస్ ఏమిటి అని ఎన్నో అడుగుతాం. వాటితో పాటు ఇంకొకటి అడగండి. మూడేళ్ల పిల్లల గదిలో ఓ గంట కూర్చుని చూడనిస్తారా అని. చూడనిచ్చే చోట చేర్చండి. అంతవరకూ ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా కుర్చీలు గోడవారకు జరిపేసి, వచ్చిన పిల్లలందరికీ చేతులు కలపండి.